పెద్దమ్మ ‘దోయ్’ అంటే ఏమిటో

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నా ఫైలుకెక్కిన హెచ్చరిక ఉత్తరం ఒక్కటే. అది ఎందుకొచ్చిందో చెబుతాను. వారాంతాల్లో మా ఇంటికి భోజనానికి వచ్చే పిల్లలు, పిల్లలంటే ముప్ఫై ఏళ్ళ సాఫ్ట్‌వేర్ పిల్లలు, “ఆంటీ, మీటింగ్‌లో మా మేనేజర్ అన్నిటికీ గ్రేట్ గ్రేట్ అన్నాడు, తీరా రివ్యూలో చూస్తే మొత్తం కొట్టేశాడు” అని వాపోయినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. చెప్పడం మొదలుపెడతాను. సగంలో ఎవరిదో ఫోన్ మోగుతుంది. అందుకని ఈసారి కాగితం మీద పెట్టాను. తీరిగ్గా చదువుకోండి.

మాది కర్నూలు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం వెంట నార్త్ కరొలైనాలోని మోరిస్‌విల్‌కి వచ్చాను. కాగితాలు తేలి నాకు పనిచేసే అనుమతి వచ్చేసరికి అయిదేళ్ళు పట్టింది. అది చేతికందగానే తెలిసినవాళ్ళంతా ఒకే సలహా ఇచ్చారు: “సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోండక్కా, నెల రోజులు ట్రైనింగ్, ఆ తర్వాత ప్రొఫైల్ వాళ్ళే మార్కెట్ చేస్తారు.” రెండు వారాలు వెళ్ళాను. రోజూ మధ్యాహ్నం క్లాసులో కునికిపాట్లు పడి, సిగ్గేసి మానేశాను. తర్వాత గ్రీన్స్‌బరో వైపు ముప్పావుగంట డ్రైవ్‌లో ఉన్న ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. “ఫ్యాక్టరీలోనా?” అని కాలనీలో కొందరు మొహం అదోలా పెట్టారు. నాకు మాత్రం మొదటి రోజు నుంచీ ఆ చోటు నచ్చింది. కంటికి కనిపించే పని, చేతికి తగిలే పని.

అక్కడ ఆసుపత్రి సామానుకు కేబుళ్ళు తయారు చేసేవాళ్ళం. రంగురంగుల తీగలు కొలత ప్రకారం కత్తిరించి, చివరలకు లోహపు ముక్కలు నొక్కి, ఒక్కొక్కటీ దాని దాని చోటు చూసి ప్లగ్‌లో గుచ్చాలి. ఇన్‌స్పెక్టర్‌గా ఎనిమిదేళ్ళు చేశాక నన్ను ట్రైనర్‌ని చేశారు. కొత్త రకం కేబుల్ వచ్చినప్పుడల్లా దాన్ని ఎలా చేయాలో బొమ్మలతో ఒక సూచన కాగితం తయారు చేయడం, లైన్‌లో వరసగా కూర్చుని పనిచేసేవాళ్ళకు నేర్పడం, ‘అర్థమైంది, అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో అందరి చేతా సంతకాలు పెట్టించడం, ఇదీ నా పని.

మా లైన్‌లో పద్నాలుగు మంది. అందులో తొమ్మిది మంది లావోస్ దేశపు ఆడవాళ్ళు. ఎప్పుడో యుద్ధం తర్వాత శరణార్థులుగా వచ్చిన కుటుంబాలు. వాళ్ళందరికీ పెద్ద ఒకావిడ ఉండేది. అరవై రెండేళ్ళు, నా భుజం దాకా వచ్చే మనిషి, ముడి వేసుకున్న నెరిసిన జుట్టు, నుదుటి మీదికి ఎత్తిపెట్టుకున్న భూతద్దం. అందరూ ఆమెను ‘పా’ అని పిలిచేవాళ్ళు. పా అంటే అమ్మకో నాన్నకో అక్క అని తెలిశాక, నాకు ఆవిడ పెద్దమ్మ అయిపోయింది. పైకి ‘పా’ అనే పిలిచేదాన్ని, లోపల మాత్రం పెద్దమ్మే. ఆ ఫ్యాక్టరీలో నాకంటే పదేళ్ళు ముందునుంచీ ఉంది. కళ్ళు మూసుకుని తీగను వేళ్ళ మధ్య దొర్లించి దాని మందం చెప్పేయగలదు.

లావో భాషతో నా తొలి పరిచయం హడలుతోనే జరిగింది. చేరిన వారంలో ఒకరోజు పెద్దమ్మ ఒకమ్మాయిని ఏదో అడిగింది. ఆ అమ్మాయి నవ్వుతూ “చావ్” అంది. ఇంకో అమ్మాయి తల వంచి “చావ్, చావ్” అంది. నేను బిక్కచచ్చిపోయాను. ఇంత మెత్తగా నవ్వుకుంటూ ఒకళ్ళనొకళ్ళు చావమంటున్నారేమిటి! తర్వాత తెలిసింది, అది మర్యాదగా ‘అవునండి’ అనడమని. అదే మాటకు ‘మీరు’ అనే అర్థం కూడా ఉందట. ఇంటికెళ్ళి మా ఆయనకి చెబితే రెండు రోజులు ప్రతిదానికీ “చావ్” అంటూ తిరిగాడు.

నాతో మాత్రం పెద్దమ్మ ‘చావ్’ అనేది కాదు. నాకెప్పుడూ వచ్చే జవాబు ‘దోయ్’. రెండు చేతులూ ఛాతీ దగ్గర కొద్దిగా కలిపి, తల వంచి, “దోయ్” అనేది. పా, ఈ పెట్టె ముందు పూర్తి చేద్దామా? దోయ్. రేపు అరగంట ముందు రాగలరా? దోయ్. ‘ఎస్’ అనే మాటకు ఇంకాస్త గౌరవం పూసిన రూపమని నాకు నేనే తేల్చేసుకున్నాను. ట్రైనర్‌కి అంతకన్నా ఏం కావాలి? లైన్‌లో పెద్దావిడ ‘దోయ్’ అంటే మిగతా ఎనిమిది మందీ అన్నట్టే.

ఇక అసలు సంగతి. ఎనిమిదేళ్ళ కిందట అనుకుంటాను, ఆసుపత్రి మంచాలు తయారు చేసే కంపెనీ ఒకటి మాకు కొత్త కేబుల్ ఇచ్చింది. మీరు చూసే ఉంటారు, మీట నొక్కితే తలవైపు లేస్తుంది, ఇంకో మీట నొక్కితే కాళ్ళవైపు లేస్తుంది. ఆ రెండు మోటార్లకూ వెళ్ళే కేబుల్ అది. ఆరు తీగలు, ఒక ప్లగ్. వాళ్ళు పంపిన బొమ్మ చూసి నేను సూచన కాగితం తయారు చేశాను: ఎడమ నుంచి కుడికి ఎరుపు, నలుపు, తెలుపు, ఇలా. పెద్ద అక్షరాలు, రంగుల బాణాలు. చాలా ముచ్చటగా వచ్చిందనుకుని ఇంటికి కూడా ఒక కాపీ తెచ్చుకుని చూసుకున్నాను.

“ఏందీ, ఇంటికొచ్చినంక గూడ ఆ వైర్లేనా?” అన్నాడు మా ఆయన. ఆయనది వరంగల్.

మర్నాడు లైన్ దగ్గర అందరినీ నిలబెట్టి నేర్పాను. పెద్దమ్మ ప్లగ్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. నా కాగితం వైపు చూసింది. మళ్ళీ ప్లగ్ తిప్పింది.

“టీచర్, రెడ్, దిస్ సైడ్?” అంది మెల్లిగా. నన్ను టీచర్ అనేది.

“అవును పా, ఈ వైపే. కొత్త బొమ్మ ఇది.”

ఆవిడ భూతద్దం కిందికి దించి చూసి, “బిఫోర్, అదర్ సైడ్?” అంది.

“పాతదాంట్లో అలా ఉండేది. ఇది కొత్త ప్లగ్ కదా. ఇక ఇలాగే. ఓకేనా?”

“దోయ్” అని చేతులు కలిపింది.

సంతకాలు తీసుకున్నాను. మొదటి సంతకం ఆవిడదే. లావో అక్షరాలు గుండ్రంగా, కొసలు తిరిగి, మన అక్షరాలకు దూరపు చుట్టాల్లా ఉంటాయి. వారంలో నాలుగు వందల కేబుళ్ళు తయారయ్యాయి. చివర పరీక్షించే మెషీన్‌లో పెడితే ఒక్కొక్కదానికీ ఆకుపచ్చ లైటు వెలిగింది. వెలగక ఏం చేస్తుంది? ఆ మెషీన్‌కి సరైన వరస ఏమిటో చెప్పింది కూడా నేనే, నా కాగితం చూసే. ప్రశ్నపత్రమూ నాదే, జవాబులూ నావే.

పది రోజుల తర్వాత మంచాల కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళ ఇంజనీరు కొత్త మంచాన్ని పరీక్షించడానికి దానిమీద వెల్లకిలా పడుకుని, చేతిలో కాఫీ కప్పుతో, తలవైపు మీట నొక్కాడట. కాళ్ళు లేచాయి. కంగారుపడి ఇంకో మీట నొక్కితే ఈసారి తల కూడా లేచి, మనిషి పుస్తకం మూసినట్టు మధ్యకు మడతపడి, కాఫీ మొత్తం చొక్కా మీద పోసుకున్నాడట. నయం, కాఫీ చల్లారి ఉంది. అంతకన్నా నయం, ఒక్క మంచం కూడా ఆసుపత్రికి చేరలేదు. కానీ వాళ్ళ కోపం వాళ్ళది. తప్పు ఎక్కడ జరిగింది, ఎవరు చేశారు, మీరేం చర్య తీసుకున్నారు, శుక్రవారం లోపల రాసి పంపమన్నారు.

మా ప్లాంట్ మేనేజర్ ఈ రాష్ట్రంలోనే పుట్టి పెరిగిన మనిషి. ఆరడుగుల పొడుగు, నెమ్మది మాట. చెడ్డవాడు కాదు. ఒక ప్రశ్న అడిగితే దానికి ఎస్ గానీ నో గానీ జవాబుంటుందని గట్టిగా నమ్మేవాడు. మంగళవారం పొద్దున పెద్దమ్మను తన గదికి పిలిచాడు. ట్రైనర్‌ని కాబట్టి నన్నూ కూర్చోమన్నాడు. బల్ల మీద ఆవిడ సంతకమున్న కాగితం పెట్టాడు.

“ఈ కేబుళ్ళు మీ లైన్‌లోనే చేశారు కదా?”

“దోయ్” అంది పెద్దమ్మ. ఆయన నా వైపు చూస్తే, ఎస్ అంటోందని చెప్పాను. అవును, నేనే చెప్పాను.

“తీగలు తిరగబడ్డాయి. అది మీకు తెలుసా?”

“దోయ్.”

ఆయన కనుబొమలు లేచాయి. “తెలిసే చేశారా?”

“దోయ్.”

“అంటే తప్పు మీదేనని ఒప్పుకుంటున్నారా?”

పెద్దమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. చూపు దించుకుని, రెండు చేతులూ కలిపి, “దోయ్” అంది.

ఆవిడ వెళ్ళాక ఆయన కలం మూసి పక్కన పెట్టాడు. “ఇంత నిజాయితీగా ఒప్పుకున్నవాళ్ళని నేను చూడలేదు. బాధగానే ఉంది. కానీ తెలిసి చేశానంటే, ఆసుపత్రి సామాను కదా, నాకు వేరే దారి లేదు. శుక్రవారం దాకా ఆలోచిస్తాను. తీసేయాల్సే వస్తుందేమో.”

ఇక్కడ మీకు ఒక నిజం చెప్పాలి. ఆ మాట వినగానే నాకు బాధ కలిగింది. దానికంటే ఒక్క క్షణం ముందు ఊరట కలిగింది. తప్పు నా దాకా రాలేదన్న ఊరట. పెద్దమ్మ ప్లగ్‌ని అటూ ఇటూ తిప్పి చూసిన తీరు నాకు గుర్తుంది. నేను నా బల్ల దగ్గరికెళ్ళి మంచాల కంపెనీ పంపిన బొమ్మను తీసి ఒక్కసారి చూసుకుని ఉండొచ్చు. చూడలేదు. సొరుగులో ఉన్న కాగితాన్ని సొరుగులోనే ఉండనిచ్చాను. పద్నాలుగు మందిలో ఒక్కళ్ళు కూడా ఏమీ అనలేదు కదా, ఆవిడే ఒప్పుకుంది కదా, అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ ఇంటికొచ్చేశాను.

ఆరోజు సాయంత్రం భోజనాల దగ్గర ఇంకో పంచాయితీ. అప్పుడు మా అమ్మాయి కాలేజీలో చేరిన మొదటి ఏడాది. ఇక్కడే పుట్టిన పిల్ల.

“అమ్మా, బీచ్ హౌస్ బుక్ చేశాం. నెక్స్ట్ ఫ్రైడే వెళ్తున్నాం” అంది.

“ఎవరిని అడిగి?”

“నిన్నే! నేను అడిగా, నువ్వు ‘సరే, చూద్దాంలే’ అన్నావు. సరే మీన్స్ ఓకే, రైట్?”

“సరే చూద్దాంలే అంటే వద్దని!”

మా అమ్మాయి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయింది. “వాట్? హౌ యామ్ ఐ సపోజ్డ్ టు నో దట్? నాన్నా, ఈజ్ దట్ రియల్?”

“రియలే బిడ్డా” అన్నాడు మా ఆయన పెరుగు కలుపుకుంటూ. “మీ అమ్మ ఇరవై ఏండ్ల సంది నాతోటి గిట్లనే ఒప్పుకుంటున్నది.”

వాళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఒళ్ళు ఝల్లుమంది. మా అత్తగారికి నేను ఎన్నిసార్లు ‘అలాగేనత్తయ్యా’ అని ఉంటాను! అందులో ఎన్ని చేశాను? ఆవిడ మనసు నొచ్చుకోకూడదని అన్న మాటలవి. అన్న పనికి ఒప్పుకోవడం కాదు, అన్న మనిషికి మర్యాద చేయడం. అరవై రెండేళ్ళ పెద్దమ్మ ఆ గదిలో చేతులు కలిపి ఏమంది మరి? ఆవిడ అన్నదానికి ‘ఎస్’ అని అర్థం చెప్పిందెవరు?

బుధవారం పొద్దున లైన్ దగ్గరికి వెళ్ళకుండా తిన్నగా సరుకులెక్కించే చోటికి వెళ్ళాను. అక్కడ ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆయన కూడా లావోస్ మనిషే. యాభై దాటినవాడు, ఇక్కడి హైస్కూల్లో చదివాడు కాబట్టి ఇంగ్లీషు బాగా వచ్చు. ఎప్పుడూ ఏదో ఒక పరాచికం ఆడుతూ ఉంటాడు.

“దోయ్ అంటే ఏమిటి?” అని అడిగాను.

“ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడా అడగడం?” అని ఫోర్క్‌లిఫ్ట్ ఆపాడు. “దోయ్ అంటే అవునండి. బాగా పెద్దవాళ్ళతో, బౌద్ధ సన్యాసులతో, గురువులతో అనే మాట. నువ్వు ఆవిడకంటే చిన్నదానివి, అయినా టీచర్‌వి కాబట్టి నీకు దోయ్ దక్కింది. నాకు ఎప్పుడూ దక్కలేదు.”

“అయితే ఎస్ అనే కదా?”

“ఎస్సే. కానీ ఎవరికి ఎస్? నువ్వు చెప్పిన విషయానికి కావచ్చు. లేదా, మీరు పెద్దవారు, మీ మాట వింటున్నాను అని నీకు కావచ్చు. పెద్దవాళ్ళు కోప్పడుతుంటే మా అమ్మ నన్ను దోయ్ అంటూ ఉండమనేది. తప్పు చేసినా, చేయకపోయినా.”

“మరి విషయం నిజమా కాదా తెలియాలంటే?”

“అప్పుడు ‘మ్యాన్ బొ?’ అని అడగాలి. ఇది సరైనదేనా, అని. సరైనదైతే ‘మ్యాన్’ అంటారు. కాకపోతే ‘బొ మ్యాన్’. కానీ జాగ్రత్త, నలుగురి ముందూ అడగకు. అడిగాక తొందరపెట్టకు. నోరు మూసుకుని కూర్చో. నీకది కష్టమే.”

ఆయన్ని తోడు రమ్మన్నాను. టీ విరామంలో పెద్దమ్మ ఒక్కతే కూర్చునే మూల బల్ల దగ్గరికి వెళ్ళాం. నా సూచన కాగితం, ఒక ఖాళీ ప్లగ్, ఆరు తీగలు ఆవిడ ముందు పెట్టాను. కాగితం మీద వేలు పెట్టి, నాకొచ్చిన ఉచ్చారణలో “మ్యాన్ బొ, పా?” అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడింది. ఫోర్క్‌లిఫ్ట్ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. ఎంతసేపటికీ మాట్లాడలేదు. నాకు నోటిదాకా మాటలొస్తున్నాయి. ‘పర్వాలేదు పా’, ‘మీరు భయపడకండి పా’, ఇలాంటివి. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

చివరికి ప్లగ్ చేతిలోకి తీసుకుంది. దాని మొహం నా వైపు తిప్పింది. నా కాగితం మీది బొమ్మ పక్కన పెట్టింది. రెండూ ఒకేలా ఉన్నాయి. అప్పుడు ప్లగ్‌ని మెల్లిగా తిప్పి వీపు నా వైపు పెట్టింది. తీగలు గుచ్చేది ఆ వైపు నుంచే. ఎడమ కాస్తా కుడి అయింది, కుడి ఎడమ అయింది.

“బొ మ్యాన్” అంది, వినీ వినిపించనట్టు.

కంపెనీ వాళ్ళు బొమ్మ గీసింది ముందు నుంచి చూసి. నేను దాన్ని వెనక నుంచి చూసిన బొమ్మ అనుకుని రాశాను. అద్దంలో మొహం చూసుకుని కుడి చెంప మీద మచ్చ ఎడమ చెంప మీద ఉందన్నట్టు. ఇంత చిన్న తప్పు. ఇంత పెద్ద అక్షరాల్లో, రంగుల బాణాలతో.

“ఆ రోజే ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

పెద్దమ్మ లావోలో చెప్పింది, ఆయన ఇంగ్లీషులో నాకు చెప్పాడు. “చెప్పాను కదా, రెండుసార్లు అడిగాను. చిన్నపిల్లలంతా చుట్టూ ఉన్నారు. మూడోసారి కూడా అడిగితే టీచర్ పరువేం కావాలి? ఏమో, కొత్త మంచానికి అలాగే కావాలేమో కూడా అనుకున్నాను.”

“మరి నిన్న మేనేజర్ దగ్గర?”

ఆవిడ కొద్దిగా నవ్వింది. “ఆయన కోపంగా ఉన్నాడు. కోపంగా ఉన్నవాళ్ళకి దోయ్ అంటే కోపం తగ్గుతుంది. ఇక చివర అడిగినదానికి ఏమనను? కాదంటే, మరి ఎవరిది తప్పు అని అడుగుతాడు. నువ్వు నా పక్కనే కూర్చున్నావు.”

ఉద్యోగంలో నేను చాలాసార్లు సిగ్గుపడ్డాను. ఆ రోజు పడినంత ఎప్పుడూ పడలేదు. నేను సొరుగు తెరవకుండా ఊరట పడుతున్న సమయంలో, ఆవిడ నా పరువు కోసం తన పాతికేళ్ళ ఉద్యోగాన్ని ఒక్క మాటలో పెట్టి ఇచ్చేసింది.

మేనేజర్ గదికి వెళ్ళాను. కాగితం, ప్లగ్ రెండూ ఆయన బల్ల మీద పెట్టి, పెద్దమ్మ చూపించినట్టే తిప్పి చూపించాను. “తప్పు నాది. మెషీన్‌కి చెప్పింది కూడా నేనే. ఆవిడ నన్ను రెండుసార్లు అడిగింది, నేను వినలేదు. నిన్న ఆవిడ అన్నదాన్ని మీకు తప్పుగా చెప్పింది కూడా నేనే” అన్నాను.

ఆయన ప్లగ్ తీసుకుని తనే నాలుగుసార్లు తిప్పి చూశాడు. “అయితే నిన్న ఆవిడ తప్పు ఒప్పుకోలేదా?”

“లేదు. మిమ్మల్ని గౌరవించింది.”

“నాలుగుసార్లా?”

“నాలుగుసార్లు.”

ఆయన ప్లగ్ బల్ల మీద పెట్టి కిటికీ వైపు తిరిగాడు. “మా ఆవిడ ‘ఫైన్’ అన్నప్పుడు నేను ఎప్పుడూ ఎస్ అనుకోను. మరి ఇక్కడెందుకు అనుకున్నాను?” అన్నాడు. అది నాతో అన్నాడో, తనలో తను అనుకున్నాడో తెలియదు. పెద్దమ్మ పేరున సిద్ధం చేసిన కాగితాన్ని చించి బుట్టలో వేశాడు. తర్వాత కంప్యూటర్ దగ్గరికి జరిగి నా పేరున ఇంకోటి టైపు చేశాడు. అదే ఆ హెచ్చరిక ఉత్తరం. “నేను ఇవ్వక తప్పదు, మీరు తీసుకోకా తప్పదు” అన్నాడు. తీసుకున్నాను. మీలో చాలామందికి రివ్యూలో ఒక్క మాట వ్యతిరేకంగా వస్తే ఆ రాత్రంతా నిద్ర పట్టదు. నాకు ఆ కాగితం బ్యాగులో పెట్టుకుని ఇంటికెళ్తుంటే కారు తేలిగ్గా నడిచినట్టనిపించింది.

ఇంట్లో చెప్పాను. మా అమ్మాయి నన్ను గట్టిగా కౌగిలించుకుని, “సో, బీచ్‌కి వెళ్ళొచ్చా? మ్యాన్ బొ?” అంది. వెళ్ళమన్నాను.

శనివారం నాడు లైన్ మొత్తం వచ్చింది. నాలుగు వందల కేబుళ్ళూ తిరిగొచ్చాయి. తీగలు విప్పి మళ్ళీ గుచ్చాలి. నేనూ ఒక స్టూలు లాక్కుని పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. ఆరేళ్ళుగా ఆ పని ఎలా చేయాలో కాగితాలు రాస్తున్నదాన్ని, గంట చేసేసరికి వేళ్ళు బొబ్బలెక్కాయి. పెద్దమ్మ నా చేతిలోంచి ప్లగ్ లాక్కుని, పట్టుకునే తీరు మార్చి ఇచ్చింది. మధ్యాహ్నం వెదురు బుట్టలోంచి జిగురన్నం తీసి, చిన్న ఉండ చేసి, కారం పచ్చి బొప్పాయి ముక్కలతో నా నోటికే అందించింది. కర్నూలు దాన్ని, కారానికి భయపడతానా అనుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఎనిమిది మంది అమ్మాయిలూ విరగబడి నవ్వారు.

ఆ తర్వాత ‘అర్థమైందా?’ అని అడగడం మానేశాను. సంతకాల గడి కూడా తీసేయించాను. కొత్త పని ఏదొచ్చినా నేను చెప్పాక వాళ్ళలో ఒకరు ఒక కేబుల్ చేసి, ఎందుకలా చేశారో నాకు చెప్పాలి. నా కాగితంలో తప్పు పట్టుకున్నవాళ్ళ పేరు బోర్డు మీద రాస్తాం. మొదట్లో ఎవరూ కదలలేదు. రెండు నెలలకు ఒకరోజు నేను ఏదో పొడవు ఒక అంగుళం ఎక్కువ రాశాను. అందరి ముందూ, మేనేజర్ వెనక నిలబడి ఉండగానే, పెద్దమ్మ భూతద్దం పైకెత్తి “టీచర్, బొ మ్యాన్” అంది. నేను గెంతినంత పని చేశాను. ఆ రోజు నుంచి మిగతావాళ్ళకూ నోళ్ళు విచ్చుకున్నాయి. ఎంతలా విచ్చుకున్నాయంటే, ఒక్కోసారి నా కాగితాలు ఆమోదం పొందడానికి మూడు రోజులు పట్టేది.

పిల్లలూ, దీన్నుంచి నేను నేర్చుకున్నది పెద్ద సూత్రమేం కాదు. అవతలివాళ్ళు ‘ఎస్’ అన్నప్పుడు మనకు హాయిగా అనిపిస్తే, ఆ హాయి దగ్గర ఒక్క నిమిషం ఆగమంటాను. వాళ్ళు ఒప్పుకున్నది పనికా, మనకా అని చూసుకోమంటాను. కాదని చెప్పడానికి వాళ్ళకు కుర్చీ వేశామా లేదా అని చూసుకోమంటాను.

రెండేళ్ళ తర్వాత పెద్దమ్మ రిటైరైంది. ఆ ఆదివారం తన ఇంట్లో పూజలాంటిది పెట్టుకుని మమ్మల్ని పిలిచింది. ముందుగది కార్పెట్ మీద అందరం కింద కూర్చున్నాం. మధ్యలో అరటాకులు గోపురంలా మడిచి, బంతిపూలు గుచ్చి, చుట్టూ తెల్లటి నూలు పోగులు వేలాడదీశారు. ఒక ముసలాయన ఏదో చదువుతున్నాడు. మా మేనేజర్ కూడా వచ్చాడు. ఆరడుగుల మనిషి కాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియక, చివరికి గోడకి ఆనుకుని మడిచి కూర్చున్నాడు.

చదవడం అయ్యాక పెద్దమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి మణికట్టుకు పోగు కట్టి, దీవెన చెప్పసాగింది. నాకు కడుతూ చాలాసేపు గొణిగింది. ఫోర్క్‌లిఫ్ట్ ఆయన నా చెవిలో, “ఆరోగ్యంగా ఉండాలి, పిల్ల బాగుండాలి, దారిలో కారు చెడిపోకూడదు అంటోంది” అన్నాడు. ఆవిడ ఆగగానే చుట్టూ ఉన్నవాళ్ళంతా చేతులు జోడించి ఒక్క గొంతుతో ఒక మాట అన్నారు: “సాథు.”

నాకు ఒళ్ళు పులకరించింది. ఆ మాటకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. సాధు! బాగు, అలాగే అగుగాక అనే మన ‘సాధు’ మాటే. ఎక్కడెక్కడి దారుల్లో నడిచి అటు లావోస్ వెళ్ళిందో, ఇటు కర్నూలు వచ్చిందో, ఇద్దరికీ ఈ కార్పెట్ మీద ఎదురైంది. నేనూ చేతులు జోడించి గట్టిగా “సాధు” అన్నాను. పెద్దమ్మ నా ‘ధ’ విని కళ్ళు చిట్లించి నవ్వింది.

తర్వాత వంతు మేనేజర్‌ది. ఆయన తన పెద్ద చెయ్యి జాపాడు. ఆ మణికట్టుకు ఒక పోగు చాలక రెండు కలిపి ముడివేయాల్సొచ్చింది. దీవెన అయింది. అందరం “సాథు” అన్నాం. అందరూ అనేసి నిశ్శబ్దమయ్యాక, ఒక క్షణం ఆలస్యంగా, తలుపులు అదిరేలా ఆయన ఒక్కడే “సాథు!” అన్నాడు. గదంతా నవ్వులు. పెద్దమ్మ పొట్ట పట్టుకుని కూర్చుండిపోయింది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు వంగి మెల్లిగా అన్నాడు: “దేనికి అన్నానో నాకు తెలియదు. కానీ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను.”